మంద పండుకున్న జాగ

రోహిణి కార్తె ఎండకు గొర్రె పడుకోదు. నిలబడే ఉంటుంది. తల తీసుకుపోయి పక్క గొర్రె కడుపు కింద పెడుతుంది. ఆ గొర్రె తన తలను ఇంకోదాని కింద పెడుతుంది. మంద మొత్తం తలలు లేని ఒక ముద్ద అయిపోయి పొద్దు వాలేదాకా అట్లాగే నిలబడుతుంది. బీరన్నకు ఈ సంగతి నడక నేర్చినప్పటి నుంచి తెలుసు.

వెంకటేష్‌కు తెలియదు. అతను ప్లాట్లు అమ్మే మనిషి. భువనగిరిలో ఆఫీసు ఉంది. కారు తారు రోడ్డు పక్కన ఆపి, వెంచర్ బొమ్మ ఉన్న రంగుల కాగితాన్ని నెత్తికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"కాకా, జాగ చూసిపో అంటే గొర్లను తోలుకొచ్చినవేంది?"

"అవి గూడ సూడాలె గద" అన్నాడు బీరన్న.

"ప్లాటు నీకా, గొర్లకా?"

బీరన్న మందను ప్లాట్ల హద్దులకు పాతిన తెల్ల రాళ్ల మధ్యకు తోలాడు. అరవై రెండు గొర్రెలు, ఒక పొట్టేలు. వెనక నుంచి అతని బామ్మర్ది లింగస్వామి కర్ర అడ్డం పెట్టి అదిలించుకుంటూ వచ్చాడు. ఇద్దరిదీ తిరుమలగిరి దిక్కు ఊరు. ఎండాకాలం కోసిన మళ్లలో మేపుకోవడానికి ఇటు వస్తారు. తొలకరికి తిరిగిపోతారు. ఈ ఊరి నేల మాత్రం వాళ్లకు కొత్త.

"మా బావ మాట్లాడడు సారూ, నేన్ జెప్త" అన్నాడు లింగస్వామి. "రైతు చేన్ల మంద కట్టమంటడు గదా, ఎరువుకు. కట్టేముందు గొర్లను ఇడిసిపెట్టి సూస్తం. పెద్ద గొర్రె యాడ పండుకుంటె ఆడ కడతం. కింద పుట్ట ఉన్నా, పాముబొక్క ఉన్నా గొర్రెకు ఎర్కైతది. మనిషికేం ఎర్కైతది?"

"మా నాయిన ఇల్లు గట్లనే కట్టిండు" అన్నాడు బీరన్న. ఆ రోజు అతను మాట్లాడిన పెద్ద మాట అదే.

వెంకటేష్ నవ్వబోయి ఆగాడు. కొనేవాళ్లు రకరకాలు. ఒకరు పంతులును తెస్తారు, ఒకరు కొబ్బరికాయను అరచేతిలో నిలబెట్టి నీళ్లు చూస్తారు. ఈయన గొర్రెలను తెచ్చాడు.

ముందు రోడ్డు వైపు ప్లాట్లు చూపించాడు. కంకర నేల. మొరం పోసిన బాట. కర్రలకు కట్టిన కొబ్బరి మొక్కలు అప్పుడే ఎండిపోతున్నాయి.

"తూర్పు ముఖం. ముప్పై అడుగుల బాట. రెండేండ్లల్ల డబల్ అయితది కాకా. గొర్రె చస్తది, భూమి చావదు."

గొర్రెలు అక్కడ తలలు దాచుకుని నిలబడ్డాయి. ఒక్కటీ మోకాలు వంచలేదు. చాలాసేపు చూశారు.

"ఏం కాకా, పరుపులు ఏపియ్యాల్నా?" అన్నాడు వెంకటేష్.

బీరన్న నాలుకతో టక్కున చప్పుడు చేసి మందను కిందికి తోలాడు. నేల అటువైపు వాలుగా ఉంది. చివర ఎప్పటిదో పెద్ద మట్టికట్టను చదును చేసిన గుర్తు ఉంది. బీరన్న దాన్ని చూశాడు. చూసి వదిలేశాడు.

మందలో పెద్దది బొల్లిది. ముఖం మీద తెల్ల మచ్చ ఉంటుంది. అది ముక్కు కిందికి పెట్టి వాసన చూసింది. ముందుకాలితో రెండుసార్లు గీరింది. మళ్లీ గీరింది. ఎర్ర మొరం పక్కకు జరిగి కింద నల్లగా కనిపించింది. ముందు మోకాళ్లు వంచి, తర్వాత నడుము దించి, నడి ఎండలో పడుకుంది.

దాని పక్కన ఇంకోటి గీరింది. ఇంకోటి. కాసేపట్లో సగం మంద పడుకుని నెమరు వేయడం మొదలుపెట్టింది. బీరన్న చెప్పులు విడిచాడు. బొల్లిదాని పక్కన గొంతుక్కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు.

"సూస్తిరా సారూ" అని లింగస్వామి గొంతు తగ్గించి అన్నాడు, గుడిలో మాట్లాడినట్టు. "రోహిణి ఎండల!"

వెంకటేష్ చేతిలో ఫోను అప్పటికే పైకి లేచి ఉంది. "ఇటు తిరుగు కాకా. జర నవ్వు."

బీరన్న నవ్వలేదు. "గీ జాగ ఎంత నంబరు?"

"నలబై ఒకటి. కాని కాకా, నేను చూపిచ్చింది పైన రోడ్డు బిట్టు. నువ్వు అడుగుతున్నది కింద. యాది పెట్టుకో."

"గీడనే" అన్నాడు బీరన్న.

*

రిజిస్ట్రేషన్ ఆఫీసులో యంత్రం బీరన్న వేలును పట్టలేదు.

కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి బొటనవేలు పెట్టమంది. పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. తుడుచుకుని పెట్టమంది. గుర్వమ్మ కొంగుతో మొగుడి వేలు తుడిచింది. మళ్లీ ఎర్ర దీపం. ఊలు కత్తిరించే కత్తెర, తాళ్లు, నలభై ఏండ్ల కర్ర. వేలి మీద గీతలు అరిగిపోయి చర్మం అద్దం మాదిరి ఉంది.

"ఇంకో వేలు పెట్టు పెద్దయ్యా."

చిటికెన వేలు దగ్గర పచ్చ దీపం వెలిగింది. నూటయాభై గజాల నేల చిటికెన వేలితో బీరన్నది అయింది.

ప్లాటుకు పైసలు ఇచ్చిన లింగస్వామికి సాయంత్రం మంద పోయింది. తన మందలో కలుపుకోవడానికి అతను గొర్రెలను ఒకటొకటిగా కాళ్ల మధ్య నుంచి దాటిస్తూ పళ్లు చూశాడు. ఎరుగని గొర్రెలు కావు. అయినా కొనేవాడు చూడాలి, అమ్మేవాడు చూపించాలి. బీరన్న ఒక్కోదాని దవడ పట్టి తెరిచాడు. చెవుల మీద అతని కోత గుర్తు ఉంది. రెండు కోతలు, ఒక చిల్లు. లింగస్వామి దాని మీద వేరే కోత పెట్టలేదు.

"ఉండనీ బావా. చెవి నీదైతే ఏంది, కడుపు నాకాడ నిండుతది."

బొల్లిదాని నుదుటి బొచ్చు కొంచెం కత్తిరించి గుర్వమ్మ కొంగుకు ముడివేసుకుంది. మంద మొత్తం ఇచ్చేటప్పుడు అట్లా చేయాలి. బీరన్న మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు. రెండేండ్ల నుంచి ఆ మోకాళ్లు గట్టు ఎక్కనివ్వడం లేదు.

"గొర్రె తిరుగుతది, భూమి ఒక్క కాడ కూసుంటది" అంది గుర్వమ్మ. "ఇగ మనం గూడ ఒక్క కాడ కూసుందాం."

మంద మలుపు తిరిగిపోతుంటే బొల్లిది ఆగి వెనక్కి చూసింది. బీరన్న నోట్లోకి ఈల వచ్చింది. పెదవులు బిగించుకున్నాడు.

*

మూడో రోజు పొద్దున్నే ఇద్దరూ ప్లాటు దగ్గరికి పోయారు. నాలుగు గుంజలు పాతి రేకులు వేసుకుంటే ముందుగా ఉండడానికి నీడ అవుతుంది. తర్వాత చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. గుంజలకు గుంతలు తవ్వడానికి ఏసోబును మాట్లాడుకున్నారు. పక్క ఊరి మేస్త్రి. గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు.

గుర్వమ్మ మూలకు పసుపు పెట్టి ఊదుబత్తి గుచ్చింది. ఏసోబు గడ్డపార ఎత్తి దించాడు. జానెడు లోతు దాకా ఎర్ర మొరం. ఆ తర్వాత గడ్డపార చప్పుడు మారింది. రాయిలో దిగినట్టు లేదు, పెరుగులో దిగినట్టు ఉంది. మోకాలి లోతుకు పోయేసరికి చేతులతో మట్టి తోడాడు. నల్లటి మెత్తటి మట్టి. అందులో తెల్లగా ఏవో మెరిశాయి.

గుర్వమ్మ ఏరింది. నత్త గుల్లలు. ఒక ఆల్చిప్ప.

"ఇయ్యేంది గిడ?"

ఏసోబు గడ్డపార నేలకు ఆనించి నిలబడ్డాడు. బీరన్న ముఖం చూశాడు, ఆ తర్వాత గుర్వమ్మ ముఖం.

"అన్నా, నీకెవ్వలు జెప్పలేదా?"

బీరన్న గుంతలోకి వంగి చూశాడు.

"ఇది ఈదులకుంట. నేను చిన్నగున్నప్పుడు గీడ ఈత గొట్టినం. అగో, గాడ సదును జేసిండ్రు సూడు, గదే కట్ట. పదేండ్ల నుంచి నిండలేదు. ఎండిన కుంట మీద మొరం కొట్టి రాళ్లు పాతిండ్రు."

"కాయితం అయింది గద" అంది గుర్వమ్మ. "చిటికెన ఏలు గూడ పెట్టిచ్చిండ్రు."

"కాయితం మంచిదే వదినా. జాగ మీదే. శికం పట్టా అంటరు. నీళ్లు తగ్గినప్పుడు జొన్నలు సల్లుకోవచ్చు. ఇల్లు గట్టొద్దు, గోడ పెట్టొద్దు. పర్మిషన్ రాదు. కడితే వచ్చి కూలగొడ్తరు. మొన్ననే నీళ్ల ఆఫీసోళ్లొచ్చి రాయి పాతి పోయిండ్రు. రాండ్రి, సూపిస్త."

పైకి నడిచారు. రోడ్డు ప్లాట్ల కింద ఒక రాయి ఉంది. నెత్తిన నీలం రంగు. కుంట నిండితే నీళ్లు అక్కడిదాకా వస్తాయని గుర్తు. బీరన్న ఆ రాయి దగ్గర నిలబడి తన ప్లాటు వైపు చూశాడు. నాలుగు మూలల రాళ్లు చాలా కింద, కేక వేస్తే వినిపించేంత దూరంలో ఉన్నాయి.

"ఇంకొకలకు అమ్ముకోవచ్చా?" గుర్వమ్మ అడిగింది.

"ఎరుకలేనోడు దొరికితే" అన్నాడు ఏసోబు.

బీరన్న ఒక్కడే కిందికి వచ్చాడు. గుంత పక్కన కూర్చుని మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. పైన నేల కాలుతోంది. లోపల మట్టి నీళ్ల కుండ అడుగులా చల్లగా ఉంది. చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచాడు.

గొర్రె అబద్ధం చెప్పలేదు. ఒక పూట పడుకోవడానికి జాగా చూసుకుంది. మనిషి బతుకు సంగతి దాన్ని ఎవరూ అడగలేదు.

*

వెంకటేష్ ఆఫీసులో గోడకు పెద్ద టీవీ ఉంది. బీరన్న లోపలికి పోయేసరికి అందులో బీరన్నే ఉన్నాడు.

గొంతుక్కూర్చుని బొల్లిదాని వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. చుట్టూ మంద నెమరు వేస్తోంది. వెనక డప్పుల పాట. కింద పెద్ద అక్షరాలు నడుస్తున్నాయి. బీరన్న మూడో తరగతి దాకా చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపు అది పోయి ఇంకోటి వచ్చింది.

"మూగజీవాలు మెచ్చిన నేల అని రాసిండ్రు బీరన్నా" అని కుర్చీలోంచి ఎవరో అన్నారు.

గోవిందమ్మ. బీరన్న ఊరి మనిషే. ఎడ్ల కొట్టం వెనక ఇల్లు. కాలువ తవ్వినప్పుడు ఎకరం పోయింది. ఆ సొమ్ము ఇన్నాళ్లూ ముట్టకుండా ఉంచుకుంది. ఒళ్లో గుడ్డసంచి, దాని మీద రెండు చేతులు. పక్కన ఊరివాళ్లు ఇంకో ముగ్గురు ఉన్నారు.

"మా మనుమరాలి ఫోన్ల చూసిన. ఊరంత నీ గొర్లనే చూస్తున్నరు. నలబై రెండు అడిగిన, నీ పక్కదే. నువ్వున్న కాడ ఉంటె ఫికరుండదు గద."

బీరన్న నిలబడిపోయాడు. వెంకటేష్ అద్దాల గదిలోంచి చెయ్యి ఊపి పిలిచాడు. తలుపు వేశాడు.

"ఏం కాకా, మొఖం గట్లున్నది?"

"కుంట" అన్నాడు బీరన్న.

వెంకటేష్ కుర్చీలో వెనక్కి ఆనాడు. కోపం తెచ్చుకోలేదు. ఫోను తీసి అదే వీడియో పెట్టి బీరన్న వైపు తిప్పాడు. అందులో వెంకటేష్ గొంతు వినిపించింది: నేను చూపిచ్చింది పైన, నువ్వు అడుగుతున్నది కింద. ఆ తర్వాత బీరన్న గొంతు: గీడనే.

"నేను దాసిన్నా కాకా? రోడ్డు బిట్టు చూపిచ్చిన. వద్దన్నది నువ్వు, నీ గొర్లు. పోలీసులకాడికి పోయినా గిదే చూపిస్త."

బీరన్న బల్ల మీద నత్త గుల్ల పెట్టాడు. వెంకటేష్ దాన్ని వేలితో పక్కకు జరిపాడు.

"నేను నీ చెడు కోరను. ఇద్దర్ని పట్కరా, నీ ప్లాటును పైకి మారుస్త. ఇగో, గోవిందమ్మను నీ లెక్కల్నే రాస్త. ఇంకొకరు చాలు. నువ్వేం చెయ్యనక్కర్లేదు. గమ్మున ఉంటె చాలు. గమ్మునుండుడు నీకు అలవాటే గద?"

బీరన్న నత్త గుల్ల తీసి జేబులో వేసుకున్నాడు. బయటికి వచ్చాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకుని మళ్లీ చుట్టుకున్నాడు. గోవిందమ్మ ముందు నిలబడ్డాడు.

"అక్కా, కొనకు. అది కుంట."

గోవిందమ్మ నోరు తెరుచుకుంది. పక్కవాళ్లు తిరిగి చూశారు. వెంకటేష్ తలుపు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు.

"కాక అన్ని ప్లాట్లు తనకే కావాల్నంటుండు. ధర పెరగకముందే" అన్నాడు.

గోవిందమ్మ సంచి మీద చేతులు బిగించింది. చూపు మారింది.

"గట్లనా బీరన్నా! నువ్వు మంద మొత్తం అమ్మి కొన్నది, నేను కొనద్దా? నువ్వు బాగుపడాలె, ముండమోపిది బాగుపడద్దు?"

"అక్కా, పైనున్న మొగులు మీద ఒట్టు. నత్తలెల్లినయి."

"నత్తలు మా ఇంటి ఎనక గూడ ఉన్నయి" అంది గోవిందమ్మ. పక్కవాళ్లు నవ్వారు.

"తవ్విన గుంత ఉన్నది. సూపిస్త, రా."

"పోదాం పాండ్రి" అన్నాడు వెంకటేష్. అతనికేమీ ఇబ్బంది ఉన్నట్టు లేదు. ఎవరికో ఫోను చేసి, అందరికీ కూల్‌డ్రింకులు తాగించి, అప్పుడు కారు తీశాడు.

*

వాళ్లు పోయేసరికి నడినెత్తిన పొద్దు.

గుంత లేదు. బీరన్న నలభై ఒకటి మూల దగ్గర నిలబడి చూశాడు. అక్కడ మొరం పోసి రోలరు తిప్పారు. రోలరు ఇంకా కొబ్బరి మొక్కల పక్కనే ఉంది, దాని మీద గాలి అలలు అలలుగా కదులుతోంది.

పైకి నడిచాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. నీలం గుర్తు రాయి కోసం చూశాడు. రాళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్కటీ నీలం లేదు. వరుస చివర ఏసోబు సున్నం బకెట్ ముందు పెట్టుకుని కుంచెతో రాయికి వేస్తున్నాడు.

"ఏసోబూ" అన్నాడు బీరన్న. "నువ్వన్న జెప్పు. గీ అక్కకు."

ఏసోబు కుంచె ఆపాడు. గోవిందమ్మను చూశాడు. ఆమె వెనక నిలబడ్డ వెంకటేష్‌ను చూశాడు. కుంచెను సున్నంలో ముంచాడు.

"నాకేం ఎర్క అన్నా. కూలికొచ్చిన" అన్నాడు. కుంచె మీద నుంచి సున్నం అతని కాలి మీద చుక్కలు చుక్కలుగా పడింది. తుడుచుకోలేదు.

అప్పుడు గంట వినిపించింది.

బీరన్నకు ఆ గంట తెలుసు. బొల్లిదాని మెడకు తనే కట్టాడు. లింగస్వామి మందను తారు రోడ్డు దాటిస్తున్నాడు. మళ్లు దున్నుతున్నారు, మేపడానికి ఇక్కడ తప్ప వేరే జాగా లేదు. గొర్రెలు తెల్ల రాళ్ల మధ్య నుంచి దుమ్ము లేపుతూ వచ్చాయి. రోడ్డు ప్లాట్ల దగ్గర ఆగలేదు. వాలు దిగాయి.

"వద్దు" అన్నాడు బీరన్న. ఎవరికీ వినిపించలేదు.

బొల్లిది నలభై ఒకటిలోకి వచ్చింది. ముక్కు కిందికి పెట్టింది. కొత్త మొరాన్ని గీరింది. మోకాళ్లు వంచింది. నడి ఎండలో పడుకుంది. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. నలభై రెండులో కూడా పడుకున్నాయి.

"అవ్వ!" అంది గోవిందమ్మ.

పడుకుని నెమరు వేసే గొర్రెను లేపకూడదు. బీరన్న పుట్టి ఎన్నడూ లేపలేదు. వాన వచ్చినా, రైతు తిట్టినా, అవి లేచేదాకా కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డవాడు. ఇప్పుడు పరుగెత్తినట్టు కిందికి పోయి లింగస్వామి చేతిలో కర్ర లాక్కున్నాడు. నేల మీద కొట్టాడు. "హెయ్! హెయ్! ఎల్లుండ్రి!" అని అరిచాడు. ఆ గొంతు అతనిదని లింగస్వామి కూడా గుర్తుపట్టలేదు.

"బావా, ఏమైంది? బావా!"

బొల్లిది లేవలేదు. కళ్లు ఎత్తి చూసింది. బీరన్న కాలితో దాని పక్కలో తన్నాడు. అప్పుడు లేచింది. దాని వెనక మంద మొత్తం లేచింది. ఈల వేశాడు. గొర్రెలు అతని ఈలకు అలవాటు పడినవి, కదిలాయి. వాటిని వాలు మీదికి, కంకర నేలకు తోలుకుపోయాడు. నోరు ఎండిపోయింది. తలపాగా ఊడి మెడ మీద పడింది. వెంకటేష్ అడ్డం రాలేదు. ఫోను పైకి లేపి నిలబడ్డాడు.

పైన గొర్రెలు నిలబడ్డాయి. తలలు దాచుకున్నాయి. బీరన్న రొప్పుతూ కర్ర మీద వాలాడు.

గంట కదిలింది. బొల్లిది ముద్దలోంచి తల బయటికి తీసింది. ఒక్కటే వాలు దిగడం మొదలుపెట్టింది. బీరన్న ఈల వేశాడు. అది ఆగలేదు. వెనక నాలుగు, వెనక పది. అతని రెండు పక్కల నుంచి, కాళ్లకు ఒళ్లు రాసుకుంటూ దాటిపోయాయి. పోయి తమ తమ చోట్ల గీరుకుని పడుకున్నాయి.

"చూసినవా అవ్వా" అన్నాడు వెంకటేష్ మెల్లగా. "కొట్టినా పోతలేవు."

గోవిందమ్మ చెప్పులు విడిచింది. సంచి చంకన పెట్టుకుని గొర్రెల మధ్యకు నడిచింది. ఒకటి గీరిన చోట వంగి, నల్లగా కనిపిస్తున్న మట్టి మీద అరచెయ్యి పెట్టింది. కాసేపు అట్లాగే ఉండి, ఆ చేతిని రెండు కళ్లకు అద్దుకుంది. కొంగు పరిచి అక్కడే కూర్చుంది.

బీరన్న దూరం నుంచి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది.

గోవిందమ్మ అతని వైపు తిరిగి నవ్వింది. కోపం పోయింది ఆమెకు.

"ఎంత సల్లగున్నదో బీరన్నా" అంది.